బడి విడిచిన తరువాత ఆకాశ పాఠం

(ప్రసంగ పాఠం)



పుదుచ్చేరి పాత పట్టణానికి ఉత్తరంగా, తూర్పున బంగాళాఖాతం అంచు వరకు వ్యాపించిన పేట ముత్తియాల్‌పేట. అక్కడ ఒక గడియార స్తంభం ఉన్నది. స్థానికులు దానిని మణిక్కూండు అంటారు. సముద్రపు ఒడ్డున సోలై నగర్‌లో మత్స్యకారుల ఇండ్లు ఉన్నాయి. సాయంకాలం బడిగంట మ్రోగిన తరువాత ఇట్టి పేటలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలబాలికలకు ఒకటి రెండు గంటల తీరిక దొరుకుతుంది. స్థోమత గల ఇంటి పిల్లలు ట్యూషన్‌కు పోతారు. తక్కినవారిలో కొందరు ఇంటి పనికి చేయి అందిస్తారు; కొందరు వీథిలో ఆడుకొంటారు. ఆ తీరిక వేళలో వారానికి ఒకటి రెండు రోజులు అంతరిక్ష విజ్ఞానానికి కేటాయిస్తే కలిగే ప్రయోజనమేమి? దానిని ఏ విధంగా నడిపితే ఆ ప్రయోజనం సమకూరుతుంది? ఇదే నేటి ప్రసంగ విషయం.

అంతరిక్షం అనగానే భారీ రాకెట్లు, కోట్ల రూపాయల వ్యయం, కొద్దిమంది మేధావులు మాత్రమే చాలామంది మనస్సులో మెదలుతారు. పేటలోని పిల్లవానికి దానితో ఏమి సంబంధమని అడిగేవారూ ఉన్నారు. ఈ ప్రశ్నకు సోలై నగర్ తీరమే సమాధానం చెబుతుంది. సముద్రంలో చేపలు ఎక్కువగా దొరికే తావులను ఉపగ్రహాలు పంపిన సమాచారం ఆధారంగా గుర్తించి, హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం తీరప్రాంత భాషలలో మత్స్యకారులకు తెలియజేస్తున్నది. నీటి ఉష్ణోగ్రతను, నీటి రంగును బట్టి ఈ తావులను నిర్ణయిస్తారు. నీటిలో సూక్ష్మమైన వృక్షజాతులు సమృద్ధిగా ఉన్నచోట రంగు మారుతుంది. వాటిని ఆశ్రయించి చేపలు చేరుతాయి. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఓషన్‌శాట్ శ్రేణి ఉపగ్రహం ఇట్టి పరిశీలనకే ఉద్దేశించబడింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పుదుచ్చేరి, కారైకాల్ తీరాలను ముంచెత్తిన తరువాత, 2007లో అదే కేంద్రంలో సునామీ హెచ్చరికల విభాగం ఏర్పడింది. తండ్రి పడవను సముద్రంలోకి త్రోసే ముందు ఏ కబురు కోసం చూస్తున్నాడో, ఆ కబురు ఎక్కడి నుండి ఎట్లు వచ్చిందో కుమారునికి, కుమార్తెకు తెలియడం విలాసం కాజాలదు.

పదకొండు మొదలు పదునాలుగేండ్ల వయస్సు దీనికి తగిన కాలం. కోణం, నిష్పత్తి, సగటు వంటి గణిత భావనలు అప్పుడే తరగతిలో ప్రవేశిస్తాయి. ప్రశ్న అడగడానికి సిగ్గు ఇంకా అలవడదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2019లో 'యువికా' అనే యువ విజ్ఞాని కార్యక్రమాన్ని ఆరంభించింది. అది తొమ్మిదవ తరగతి విద్యార్థులకు వేసవి సెలవులలో ఏర్పాటైన శిబిరం. తొలి సంవత్సరం ఒక్కొక్క రాష్ట్రం నుండి, కేంద్రపాలిత ప్రాంతం నుండి ముగ్గురిని ఎంపిక చేశారు. అది ఉత్తమమైన ప్రయత్నమే. కాని ముగ్గురు ఎంపిక కావాలంటే ముందుగా మూడు వందల మందిలో ఆసక్తి మొలకెత్తాలి. ఆ మొలకలు పెరిగే మడి పేటలోని మాధ్యమిక పాఠశాల మాత్రమే.

ఆకాశ పరిశీలన పుదుచ్చేరికి క్రొత్త కాదు. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం నడిచే అరుదైన దృశ్యాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళజ్ఞుడు గియోమ్ ల జాంతీ 1760లో స్వదేశం విడిచి ఈ పట్టణానికి బయలుదేరాడు. ఆ దృశ్యాన్ని భూమి మీద వేర్వేరు చోట్ల నుండి చూచి కాలాన్ని కొలిస్తే సూర్యుని దూరం తెలుస్తుంది. అతడు చేరేలోగా, 1761 జనవరిలో, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. ఆ జూన్‌లో శుక్రుడు సూర్యుని దాటుతున్నప్పుడు అతడు నడిసముద్రంలో, ఊగే ఓడ మీద ఉన్నాడు. ఆ పరిశీలన లెక్కకు పనికిరాలేదు. మరల ఎనిమిదేండ్లకు గాని అవకాశం రాదు. అతడు తూర్పు సముద్రాలలోనే నిలిచి, 1768లో పుదుచ్చేరి చేరి, పరిశీలనకు మందిరం సిద్ధం చేసుకొన్నాడు. 1769 జూన్ 4 ఉదయం సరిగా ఆ వేళకే ఆకాశాన్ని మబ్బు కప్పివేసింది. 1771లో స్వదేశం చేరేసరికి అతడు మరణించినట్లే భావించి, శాస్త్ర పరిషత్తులోని అతని స్థానాన్ని మరొకరికి ఇచ్చివేశారు.

అయినను ఆ ప్రయాణం వ్యర్థం కాలేదు. పుదుచ్చేరిలో ఉన్న కాలంలో అతడు ఇక్కడి పండితుల గ్రహణ గణితాన్ని శ్రద్ధగా నేర్చుకొన్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణాన్ని పరీక్షకు తీసుకొన్నాడు. ఒక తమిళ గణకుడు కాగితం, కలం లేకుండా, గవ్వలను నేలమీద పేర్చి, ముప్పావుగంట లోపల లెక్క ముగించాడు. గ్రహణం నిలిచిన కాలంలో అతని లెక్కకు వచ్చిన తేడా 41 సెకండ్లు తక్కువ. ఆనాటి యూరపులో ప్రామాణికమైన టోబియాస్ మాయర్ పట్టికల లెక్కకు వచ్చిన తేడా 68 సెకండ్లు ఎక్కువ.

ఈ ఉదంతం విన్న ప్రతివారికీ గర్వం కలుగుతుంది. అయితే దీనికి ఒక ఉత్తర కథ ఉన్నది. మద్రాసు వేధశాలలో పనిచేసి, తరువాత పుదుచ్చేరిలో స్థిరపడిన జాన్ వారెన్ 1825లో 'కాలసంకలిత' అనే గ్రంథాన్ని ప్రకటించాడు. పుదుచ్చేరికి చెందిన ఒక పంచాంగ గణకుడు గవ్వలతోనే చంద్రగ్రహణాన్ని గణించిన విధానం అందులో వివరించబడింది. కంఠస్థమైన పద్యరూప సంకేతాలే అతని పట్టికలు. ఆ లెక్కలో గ్రహణారంభం 4 నిమిషాల తేడాతో వచ్చింది. అంత్యం మాత్రం ముప్పావుగంటకు మించి తప్పింది. ఆ గణకుని జ్ఞాపకశక్తి అసాధారణమైనది. కాని తాను చేస్తున్న లెక్క వెనుక ఉన్న సిద్ధాంతం అతనికి తెలియదని వారెన్ వ్రాశాడు. ఎట్లు చేయాలో తెలిసినవాడు ఎందుకు చేయాలో ఎరుగడు. కావున లెక్క తప్పినప్పుడు దానిని దిద్దుకొనే మార్గమూ అతనికి లేదు. విద్య కొద్ది కుటుంబాలలో, ప్రశ్నకు చోటులేని వల్లెగా నిలిచిపోతే, ఎంత గొప్ప విద్య అయినా క్రమంగా మొద్దుబారుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా దక్షిణదేశంలోనే ఉన్నది. పంచాంగ కర్తల వంశంలో పుట్టిన చింతామణి రఘునాథాచారి మద్రాసు వేధశాలలో చేరి, దూరదర్శినితో ఆకాశాన్ని ప్రత్యక్షంగా పరిశీలించాడు. 1867లో వెలుగు మారే ఒక నక్షత్రాన్ని కనుగొన్నాడు. 1874లో శుక్రుడు మరల సూర్యుని దాటే ముందు, ఆ దృశ్యాన్ని సామాన్యులకు బోధపరిచే చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషుతోపాటు భారతీయ భాషలలో వెలువరించాడు. పాత పంచాంగాల లెక్కలను కంటికి కనబడే ఆకాశంతో పోల్చి సవరించాలని కృషి చేశాడు. గవ్వల గణకుని నేర్పును పోగొట్టుకోకుండా, దానికి ప్రశ్నను, పరిశీలనను జోడించడమే ఆయన చూపిన మార్గం. నేడు బడి విడిచిన తరువాత ఆకాశ పాఠం చెప్పదలచినవారికి ఇంతకంటె మంచి దారి లేదు.

ఇటీవలి సంవత్సరాలలో ఈ తీరం వెంబడి బాలల అంతరిక్ష ప్రయత్నాలు కొన్ని జరిగాయి. 2021 ఫిబ్రవరి 7న రామేశ్వరం నుండి, విద్యార్థులు కూర్చిన నూరు అతిచిన్న ఉపగ్రహ నమూనాలను బెలూన్లతో పైకి పంపారు. 2023 ఫిబ్రవరి 19న మహాబలిపురం చేరువనున్న పట్టిపులం గ్రామం నుండి ఒక చిన్న రాకెట్టు 150 నమూనాలను మోసికొనిపోయింది. వీటి రూపకల్పనలో ఆరు నుండి పన్నెండవ తరగతి వరకు చదివే 5,000 మంది విద్యార్థులు పాల్గొన్నారు. అప్పటి తెలంగాణ గవర్నరు, పుదుచ్చేరి లెఫ్టినెంటు గవర్నరు తమిళిసై సౌందరరాజన్ ఆ ప్రయోగాన్ని తిలకించారు. ఇవి భూమిని చుట్టివచ్చే ఉపగ్రహాలు కావు. వాతావరణంలోకి లేచి, గాలిని గూర్చిన సమాచారం సేకరించి, మరల దిగివచ్చే పరికరాలు. అయినా ఆరవ తరగతి పిల్లవాడు తన చేతితో అతికించిన పరికరం గాలిలోకి లేవడం చిన్న సంగతి కాదు.

వీటికంటె ఎక్కువ నేర్పినది 'ఆజాదీశాట్' కథ. స్వాతంత్ర్య అమృతోత్సవ సందర్భంగా దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల నుండి 750 మంది బాలికలు చిన్న చిన్న పరికరాలు తయారుచేశారు. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ వాటిని కూర్చి, సుమారు 8 కిలోల ఉపగ్రహాన్ని సిద్ధం చేసింది. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుండి క్రొత్త రాకెట్టు అయిన ఎస్.ఎస్.ఎల్.వి. దానితో పైకి లేచింది. రెండవ దశ విడిపోయేటప్పుడు కలిగిన కంపనం వలన, వేగవృద్ధిని కొలిచే పరికరాలు చెడిపోయినట్లు రాకెట్టులోని కంప్యూటరు పొరబడింది. ఫలితంగా ఉపగ్రహానికి కావలసినంత వేగం అందలేదు. వలయాకారపు కక్ష్యకు బదులు, ఒక వైపు భూమికి 76 కిలోమీటర్ల చేరువకు దిగే కక్ష్యలో అది చిక్కింది. అంత తక్కువ ఎత్తున గాలి రాపిడి ఎక్కువ. అక్కడ ఏ ఉపగ్రహమూ నిలువదు. బాలికల శ్రమ ఆనాడు నష్టమైంది.

కాని కథ అక్కడ ముగియలేదు. లోపాన్ని వెదకి, కారణాన్ని బహిరంగంగా ప్రకటించి, రాకెట్టును సవరించారు. ఉపగ్రహాన్ని తిరిగి తయారుచేశారు. ఆరు నెలలకు, 2023 ఫిబ్రవరి 10న, 'ఆజాదీశాట్-2' సుమారు 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యను చేరింది. శ్రీహరికోటకు ఈ అనుభవం మొదటిది కాదు. 1979 ఆగస్టు 10న మన తొలి ఉపగ్రహ వాహకం ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో కూలింది. 1980 జూలై 18న అదే శ్రేణి రాకెట్టు 'రోహిణి'ని కక్ష్యలో నిలిపింది. 2019 సెప్టెంబరులో చంద్రుని మీద దిగబోయి విఫలమైన ప్రయత్నం, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో సఫలమైంది. ఆ చంద్రయాన్-3 పథక నిర్దేశకుడు పి. వీరముత్తువేల్ పుదుచ్చేరికి 40 కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న విళుప్పురం వాస్తవ్యుడు. రైల్వే ఉద్యోగి కుమారుడు. అక్కడి రైల్వే పాఠశాలలో చదువుకొన్నవాడు.

పరీక్షలో తప్పు సమాధానానికి ఎర్రసిరా గీత పడుతుంది; విషయం అంతటితో ముగుస్తుంది. అంతరిక్ష విజ్ఞానంలో తప్పు దొరికిన చోటనే పని ఆరంభమవుతుంది. మార్కుల భయంతో నోరు విప్పని బాలికకు ఈ ఒక్క సంగతి అనుభవంలోకి వస్తే ఆమె చదువు తీరే మారిపోతుంది. బడి గంటల వెలుపల, పరీక్ష లేని చోట, ఈ అనుభవం కలిగించడం సులభం. సాయంకాలపు తరగతి ఆవశ్యకత ఇక్కడనే ఉన్నది.

అయితే ఇట్టి తరగతులకు కొన్ని ప్రమాదాలు లేకపోలేదు. మొదటిది ఆడంబరం. పెట్టెలో వచ్చిన సామగ్రిని, కాగితంలో చెప్పిన క్రమంలో బిగించి, ఫొటో తీయించుకొని, ప్రశంసాపత్రం పుచ్చుకొంటే అది మరల గవ్వల గణకుని విద్యయే అవుతుంది. ఎట్లు బిగించాలో తెలిసింది, ఎందుకో తెలియలేదు. రెండవది రుసుము. వెల చెల్లించగల ఇంటి పిల్లలకే పరిమితమైతే విద్య మరొకసారి కొద్ది కుటుంబాల సొత్తు అవుతుంది. మూడవది భాష. మాతృభాషలో బోధపడని విషయం జ్ఞాపకంలో నిలిచినా ఆలోచనలో నిలువదు. తమిళంలో పె.నా. అప్పుస్వామి, తెలుగులో 'క్యాలెండర్ కథ' వ్రాసిన మహీధర నళినీమోహన్ వంటి రచయితలు కఠినమైన విజ్ఞాన విషయాలను పిల్లల భాషలో చెప్పవచ్చునని ఏనాడో నిరూపించారు. పాఠశాల గ్రంథాలయాలు ఇట్టి పుస్తకాలను బీరువాలో బంధించక, సాయంకాలపు తరగతి బల్లమీద ఉంచాలి.

ఈ మూడు ప్రమాదాలూ లేని ఒక పాఠం ఉన్నది. దానికి కావలసినది ఒక మీటరు పొడవైన నిట్టనిలువు కర్ర, ఒక దారం, ఒక నోటుపుస్తకం. కర్ర నీడ రోజులో ఎప్పుడు అతి పొట్టిగా ఉంటుందో అదే ఆ ఊరికి నిజమైన మధ్యాహ్నం. గడియారం పన్నెండు చూపినప్పుడే అది జరుగుతుందని పిల్లలు అనుకొంటారు. కొలిచి చూస్తే ముత్తియాల్‌పేటలో అది సగటున 11 నిమిషాలు ఆలస్యం. ఋతువును బట్టి ఆ తేడా కొంత మారుతుంది. భారతదేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తాయి. పుదుచ్చేరి దానికి పడమర ఉన్నది. మణిక్కూండు గడియారం దేశమంతటికీ చెందిన కాలాన్ని చెబితే, కర్ర నీడ పేట కాలాన్ని చెబుతుంది. ఏప్రిల్ 21, ఆగస్టు 21 ప్రాంతాలలో మధ్యాహ్నం సూర్యుడు సరిగా నడినెత్తిన నిలిచి, కర్ర నీడ దాని అడుగున మాయమవుతుంది. ఆ క్షణాన్ని కళ్ళారా చూచిన పిల్లవానికి అక్షాంశమంటే ఏమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక యానాం పిల్లలను కలుపుకొంటే ఈ పాఠం మరింత విస్తరిస్తుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం నాలుగు ముక్కలు: తమిళం మాట్లాడే పుదుచ్చేరి, కారైకాల్, పడమటి తీరాన మలయాళం మాట్లాడే మాహే, గౌతమీ గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం. చిరకాలం ఈ ప్రాంతాల పాఠశాలలు తమ పొరుగు రాష్ట్రాల పాఠ్యప్రణాళికలను అనుసరించాయి. ప్రభుత్వ పాఠశాలలు కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రణాళికకు మారడం 2023 నుండి జరిగింది. ఉమ్మడి పుస్తకం లేని కాలంలో కూడా వారికి ఉమ్మడి ఆకాశం ఉండనే ఉన్నది.

మార్చి 21 ప్రాంతంలో, పగలు రాత్రి సమానమైన దినాన, ముత్తియాల్‌పేటలో మీటరు కర్ర మధ్యాహ్నపు నీడ సుమారు 21 సెంటీమీటర్లు ఉంటుంది. అదే దినాన యానాంలో అది సుమారు 30 సెంటీమీటర్లు. ఈ కొలతల నుండి పిల్లలు కోణాలను గీయగలరు: ఇచ్చట దాదాపు 12 డిగ్రీలు, అచ్చట దాదాపు 16.7 డిగ్రీలు. జాగ్రత్తగా కొలిస్తే తేడా 4.8 డిగ్రీలకు చేరువగా వస్తుంది. వలయానికి 360 డిగ్రీలు, 4.8 అందులో 75వ వంతు. పటంలో ఈ రెండు ఊళ్ళ నడుమ ఉత్తర దక్షిణ దూరాన్ని కొలిస్తే సుమారు 530 కిలోమీటర్లు. దానిని 75తో హెచ్చిస్తే 39,750 కిలోమీటర్లు. అది భూమి చుట్టుకొలత. వాస్తవపు విలువ సుమారు 40,000. రెండువేల రెండువందల ఏండ్ల నాడు ఈజిప్టులో ఎరటోస్తనీస్ ఉపయోగించిన ఉపాయమే ఇది.

ఇందులో గమనించదగిన విశేషమొకటి ఉన్నది. ముత్తియాల్‌పేట పిల్లలు తాము ఒక్కరే ఈ లెక్క చేయలేరు. యానాం పిల్లలూ చేయలేరు. ఒకరి కొలత లేనిదే మరొకరి కొలత అసంపూర్ణం. తమిళంలో వ్రాసుకొన్న అంకెకు తెలుగులో వ్రాసుకొన్న అంకె తోడైనప్పుడే భూమి చుట్టుకొలత తేలుతుంది. మాహే పిల్లలు కూడా చేరితే, యానాంలో నడిమధ్యాహ్నమైన 27 నిమిషాల తరువాత మాహేలో మధ్యాహ్నమవుతుందని కనుగొని, భూమి తిరిగే వేగాన్ని లెక్కించవచ్చు. జాతీయ సమైక్యత గూర్చి ఎన్ని ఉపన్యాసాలు విన్నా కలగని అనుభూతి, ఒకే సూర్యుని నీడను నాలుగు ఊళ్ళలో కొలిచి ఉత్తరాల ద్వారా అంకెలు పంచుకొన్న పిల్లలకు కలుగుతుంది.

ఇదే రీతిలో సంవత్సరమంతా పాఠాలు కూర్చవచ్చు. చంద్రుడు ప్రతిదినం సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని దినచర్య పుస్తకంలో గుర్తించవచ్చు. పౌర్ణమికి, అమావాస్యకు సముద్రపు పోటు హెచ్చడానికి కారణం అడగవచ్చు. ఆ పోటుపాట్లను గూర్చి పుస్తకం కంటె ముందు పడవ నడిపే తండ్రి చెప్పగలడు. ఇంటి పెద్దల అనుభవం తరగతికి ఉపకరించిన దినాన ఆ పిల్లవానికి తన ఇంటి మీద, తన బడి మీద గౌరవం కలసి పెరుగుతాయి. ధ్రువనక్షత్రం ఉత్తర దిగంతానికి ఎంత ఎత్తున ఉన్నదో కోణమాపకానికి దారం కట్టి కొలవవచ్చు. ముత్తియాల్‌పేటలో ఆ ఎత్తు సుమారు 12 డిగ్రీలు, యానాంలో 17. ప్లాస్టిక్ సీసాలో కొంత నీరు పోసి, సైకిలు పంపుతో గాలి నింపి వదలితే న్యూటన్ మూడవ సూత్రం బడి ఆవరణలోనే పైకి లేస్తుంది. లాస్‌పేటలోని అబ్దుల్ కలాం విజ్ఞాన కేంద్రం, నక్షత్రశాల ఇట్టి తరగతులకు సమీపంలోనే ఉన్నాయి. స్వయంగా ఆకాశాన్ని కొన్నాళ్ళు చూచిన తరువాత నక్షత్రశాలకు పోతే అక్కడి దృశ్యం వినోదంగా మిగలక, సమాధానంగా కనబడుతుంది.

మిత్రులారా, ఉపగ్రహం ద్వారా పల్లె పిల్లలకు పాఠం అందించాలన్న ఆలోచన మన దేశంలో అర్ధశతాబ్దం నాటిది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఆనాడు పిల్లలు అంతరిక్షం నుండి వచ్చిన పాఠాన్ని కూర్చుండి విన్నారు. నేటి పిల్లలు తామే కొలిచి, తామే లెక్కించి, తప్పితే తామే దిద్దుకొని, ఆకాశాన్ని గూర్చి పాఠం వ్రాయవలసిన కాలం వచ్చింది.

వీరిలో అందరూ అంతరిక్ష శాస్త్రజ్ఞులు కారు; కానక్కరలేదు. చేపల వ్యాపారం చేసే యువకుడు, దాదిగా పనిచేసే యువతి, బస్సు నడిపే కార్మికుడు - వీరిలో ప్రతి ఒక్కరూ విన్నదానిని కొలిచి చూచి నమ్మే అలవాటు గలవారైతే దేశానికి అది ఒక ఉపగ్రహం కంటె తక్కువ సంపద కాదు. పుదుచ్చేరి నేల మీద గవ్వలు పేర్చిన గణకునికి అపారమైన జ్ఞాపకశక్తి ఉండినది, 'ఎందుకు?' అని అడిగే అవకాశం మాత్రం అతనికి ఎవరూ కల్పించలేదు. ఆ అవకాశాన్ని ముత్తియాల్‌పేటలోని ప్రతి బాలునికి, ప్రతి బాలికకు, బడి విడిచిన తరువాత రెండు గంటల పాటు కల్పించడం ఉపాధ్యాయుల చేతిలో, తల్లిదండ్రుల చేతిలో, గ్రంథాలయాల చేతిలో ఉన్నది. దానికి రాకెట్టు అవసరం లేదు. ఒక కర్ర, ఒక నీడ, ఓపికగా వినే ఒక ఉపాధ్యాయుడు చాలు.